ఆట సాగనప్పుడు, డబ్బు ఆడనప్పుడు

1975 జూన్ 7, లార్డ్స్. తొలి ప్రపంచకప్ తొలి రోజు. ఇంగ్లండ్ 60 ఓవర్లలో 334 పరుగులు చేసింది. జవాబుగా దిగిన మన జట్టులో సునీల్ గవాస్కర్ మొదటి నుంచి చివరి దాకా క్రీజులోనే ఉన్నాడు. 174 బంతులు ఆడి 36 పరుగులు చేశాడు. జట్టు స్కోరు మూడు వికెట్లకు 132. ఏడు వికెట్లు చేతిలో ఉండగానే 202 పరుగుల తేడాతో ఓడిపోయాం.

2021 జనవరి 11, సిడ్నీ. టెస్టు మ్యాచ్ చివరి రోజు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఎదుర్కొన్నాడు. చేసింది 23 పరుగులు. అశ్విన్‌తో కలిసి 40 ఓవర్లకు పైగా వికెట్ పడనివ్వలేదు. మ్యాచ్ డ్రా అయింది. ఎనిమిది రోజుల తర్వాత బ్రిస్బేన్‌లో గెలిచి భారత్ 2-1తో సిరీస్ దక్కించుకుంది.

అంకెలే చూస్తే విహారి ఆట గవాస్కర్ ఆట కంటే మెల్లనిది. నూరు బంతుల లెక్కన గవాస్కర్ 20 పరుగుల పైచిలుకు చేస్తే విహారి 14 చేశాడు. అయినా మొదటి ఇన్నింగ్స్ తలుచుకుంటే ఇప్పటికీ ఇబ్బందిగా ఉంటుంది. రెండోదాన్ని గర్వంగా చెప్పుకుంటాం. మన దగ్గర ‘మందకొడి’ అన్న మాట ఒక్కటే ఉంటే ఈ రెండింటికీ తేడా ఎలా చెప్పగలం?

ఈ చిక్కు క్రికెట్‌తో ఆగదు. మన పేపర్లలో పోలింగూ మందకొడిగానే సాగుతుంది, రుతుపవనాలూ మందకొడిగానే కదులుతాయి. బ్యాటింగ్ మందకొడి, మార్కెట్ మందకొడి, కాలువ పనులు నత్తనడక. మాట ఒకటే కావడంతో జబ్బూ ఒకటే అనిపిస్తుంది, మందూ ఒకటే చాలనిపిస్తుంది. ఆటలోనైనా ఆర్థికంలోనైనా వేగం తగ్గడానికి కనీసం నాలుగు వేర్వేరు కారణాలున్నాయి. వాటిని విడదీసి చూడకపోతే నిలబడ్డవాణ్ని నిందిస్తాం, నిజంగా కూలినవాణ్ని గుర్తించం. ఈ వ్యాసం ఆ నాలుగింటినీ వరుసగా పరిశీలిస్తుంది.

మాటల్లో దాగిన జ్ఞానం

ముందు మన మాటలనే చూద్దాం. తెలుగులో ‘ఆడు’ అన్న క్రియ పిల్లల ఆటతో మొదలై చాలా దూరం వెళ్తుంది. గానుగ ఆడుతుంది, మిల్లు ఆడుతుంది, సినిమా ఆడుతుంది, గాలి ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది. చేతిలో డబ్బు ఆడుతుంది. చిన్న వ్యాపారిని ‘ఎలా ఉంది?’ అని అడిగితే వృద్ధి రేటు చెప్పడు. ‘డబ్బు ఆడటం లేదండీ’ అంటాడు. ఆర్థికశాస్త్రం డబ్బు చలామణి వేగం అని పిలిచే సంగతిని ఆ ఒక్క మాట చెప్పేస్తుంది. నోట్లు ఎక్కడో ఉన్నాయి, కానీ చేతులు మారడం లేదు. ‘బేరాల్లేవు’, ‘గిరాకీ లేదు’, ‘మధ్యాహ్నమైనా బోణీ కాలేదు’, ‘ఈగలు తోలుకుంటున్నాం’ అన్నవి కూడా అలాంటివే. ప్రతి మాటా ఏది ఆగిపోయిందో చూపిస్తుంది.

పత్రికల మాటలది ఇంకో దారి. ‘మాంద్యం’ సంస్కృతం నుంచి వచ్చింది. దాని అసలు ఇల్లు వైద్యం. ఆకలి మందగిస్తే అగ్నిమాంద్యం అన్నారు. పసిపిల్లలకు అరగకపోతే ‘మందం చేసింది’ అని ఇప్పటికీ అంటాం. ప్రభుత్వాలు ప్రకటించే ‘ఉద్దీపన ప్యాకేజీ’ కూడా ఆ ఇంటిదే. జఠరాగ్నిని రాజేసే శొంఠి, పిప్పలి, మిరియాల వంటివాటిని ఆయుర్వేదం దీపన ద్రవ్యాలంటుంది. మాంద్యానికి ఉద్దీపన అనడంలోనే ఒక రోగనిర్ధారణ ఉంది: పొయ్యి ఆరుతోంది, రాజేయాలి. అదే వైద్యంలో ‘లంఖణం పరమౌషధం’ అన్న మాటా ఉంది. జ్వరానికి లంఖణం, మందాగ్నికి దీపనం. ఒకదానికి ఇవ్వాల్సింది రెండోదానికి ఇస్తే రోగి నష్టపోతాడు. ఆర్థికవేత్తలు తొంభై ఏళ్లుగా వాదించుకుంటున్న విషయంలో సగం ఇదే.

ఆటలో మన అభిమానుల మాటలు మరింత పదును. ‘జిడ్డు ఆట’ అంటే అవుట్ కాకుండా, పరుగులు చేయకుండా వదలని ఆట. అందులో విసుగూ ఉంది, ఒక మేర ఒప్పుకోలూ ఉంది. ‘చప్పగా సాగింది’ అంటే రెండు పక్షాల్లోనూ పస లేదని. ‘డీలా పడ్డారు’ అంటే ధైర్యం పోయిందని. ‘చతికిలపడ్డారు’ అంటే కాళ్లలో సత్తువ అయిపోయిందని. ‘చేతులెత్తేశారు’ అంటే ప్రయత్నమే మానేశారని. ఈ తేడాలు పాఠకుడికి తెలుసు. హడావుడిలో రాసే శీర్షికే వాటిని చెరిపేస్తుంది.

మెల్లదనాన్ని గౌరవించే సంప్రదాయమూ మనదే. శనిగ్రహానికి మందుడని పేరు. శనైశ్చరుడంటే మెల్లగా నడిచేవాడు. సూర్యుణ్ని చుట్టి రావడానికి దాదాపు 29 ఏళ్లు తీసుకునే ఆ గ్రహాన్ని మెల్లనిదన్నారే గానీ బలహీనమైనదని ఎవరూ అనలేదు. క్షేత్రయ్య పదాలను చౌకకాలంలో పాడాలంటే గొంతులో ఎంత పట్టుండాలో పాడేవారికి తెలుసు. వేగం వేరు, సత్తువ వేరు.

కొలబద్దతో వచ్చే తంటా

కారణాల జోలికి వెళ్లేముందు కొలత సంగతి తేలాలి. లేని మందకొడిని చూపించడం, ఉన్నదాన్ని దాచడం రెండూ అంకెలకు చేతనవును.

2020 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో లాక్‌డౌన్ దెబ్బకు మన జీడీపీ దాదాపు 24 శాతం పడిపోయింది. ఏడాది తర్వాత అదే త్రైమాసికానికి 20.1 శాతం వృద్ధి ప్రకటించారు. వినడానికి మెరుపు వేగం. ఆనాడు ప్రకటించిన లెక్కల్లో ఆ మూడు నెలల ఉత్పత్తి విలువ, ధరల పెరుగుదల తీసేస్తే, రూ.32.38 లక్షల కోట్లు. 2019లో అదే మూడు నెలల్లో అది రూ.35 లక్షల కోట్లకు పైనే. అంటే రెండేళ్ల క్రితం ఉన్న మెట్టు కంటే కిందే ఉన్నాం. గోతిలోంచి పైకి వచ్చే వేగాన్ని పరుగు పందెం వేగంగా చదవకూడదు.

తెలుగు రాష్ట్రాల బట్టల వ్యాపారులకు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, బేరాలు పడిపోతాయి. అందుకే ఆషాఢం సేల్. శ్రావణం రాగానే దుకాణం కిటకిటలాడుతుంది. ఆషాఢాన్ని శ్రావణంతో పోల్చి ‘వ్యాపారం కుప్పకూలింది’ అనే వ్యాపారి ఉండడు. కిందటి ఆషాఢంతోనే పోల్చుకుంటాడు. మూఢం వచ్చిన ఏడాది ఫంక్షన్ హాళ్ల లెక్క వేరుగా ఉంటుందనీ అతనికి తెలుసు. మన జీడీపీని గత ఏడాది అదే త్రైమాసికంతో పోల్చి చెప్పడం వెనక ఉన్నదీ ఈ ఇంగితమే.

వరుసగా రెండు త్రైమాసికాలు ఉత్పత్తి తగ్గితే మాంద్యం అన్న వాడుకకు మూలం 1974లో అమెరికా గణాంక అధికారి జూలియస్ షిస్కిన్ రాసిన పత్రికా వ్యాసం. ఆయన చెప్పిన గుర్తుల్లో అదొకటి. మిగతావి జనం మరిచిపోయారు, అదొక్కటే నిలిచింది. 2019 నవంబర్‌లో రాజ్యసభలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ వృద్ధి తగ్గి ఉండొచ్చుగానీ ఇది మాంద్యం కాదని వాదించారు. నిర్వచనం ప్రకారం ఆ మాట సరైనదే. అప్పుడు వృద్ధి 5 శాతం దిగువకు జారింది గానీ ఉత్పత్తి తగ్గలేదు. కానీ బేరాల్లేని దుకాణదారుకు మందగమనానికీ మాంద్యానికీ మధ్య గీత ఎక్కడుందో అక్కర్లేదు. అతనికి కావాల్సింది ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు జవాబు.

ఒకటి: కోరి తగ్గించిన వేగం

విహారి ఆటది ఈ కోవ. పరుగులు అతని లక్ష్యం కాదు, సమయం అతని లక్ష్యం. ఆ కొలతతో చూస్తే ఆడిన ప్రతి బంతీ రాబడే. 1964లో మద్రాసులో ఇంగ్లండ్ మీద బాపూ నాదకర్ణి వరుసగా 21 మెయిడెన్ ఓవర్లు వేశాడు. 32 ఓవర్లలో ఇచ్చింది 5 పరుగులు. ఆ స్తబ్ధత వెనక ఉన్నది ఒకే చోట బంతి పడేసే పట్టుదల.

కోరి ఎంచుకున్న మెల్లదనం ఎప్పుడూ గెలిపించదు. 2015 డిసెంబర్‌లో ఢిల్లీ టెస్టు కాపాడుకోవడానికి దక్షిణాఫ్రికా 143 ఓవర్లు ఆడి 143 పరుగులు చేసింది. ఓవర్‌కు ఒక పరుగు. డివిలియర్స్ 297 బంతుల్లో 43, ఆమ్లా 244 బంతుల్లో 25. చివరికి 337 పరుగుల తేడాతో ఓడారు. అయినా ఆ జట్టుకు సత్తువ లేదని ఎవరూ అనలేరు.

ఆర్థికంలో దీనికి సరిజోడు ద్రవ్యోల్బణం మీద కేంద్ర బ్యాంకులు చేసే యుద్ధం. 1979లో అమెరికా ఫెడరల్ రిజర్వ్ పగ్గాలు చేపట్టిన పాల్ వోల్కర్ వడ్డీ రేట్లను 20 శాతం దాకా తీసుకెళ్లారు. 1980లో 14 శాతం దాటిన ధరల పెరుగుదల 1983 నాటికి 3 శాతం దరిదాపులకు దిగింది. దానికి చెల్లించిన ధర 1982 చివరి నాటికి 10.8 శాతం నిరుద్యోగం. మన రిజర్వ్ బ్యాంకు కూడా 2022 ఏప్రిల్‌లో చిల్లర ద్రవ్యోల్బణం 7.79 శాతానికి చేరాక, ఆ మే నుంచి 2023 ఫిబ్రవరి నాటికి రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. ఇల్లు కట్టుకున్నవారి నెల వాయిదాలు పెరిగాయి, అప్పు తీసుకోవాలనుకున్నవారు ఆగారు. ఇది లంఖణం. జ్వరం తగ్గడానికి పస్తు పెట్టడం.

ఒక తేడా మాత్రం మరవకూడదు. విహారి తన ఒంటి నొప్పిని తానే భరించాడు. వడ్డీ రేటు పెంచే కమిటీ ఉద్యోగం పోయేవాడి నొప్పిని భరించదు. ఆర్థికంలో వేగం తగ్గించే నిర్ణయం ఒకరిది, పస్తు మరొకరిది. అందుకే అలాంటి మందగమనం సరైనదా కాదా అన్నది తేల్చేటప్పుడు ధరలు ఎంత దిగాయన్నదే కాక, భారం ఎవరి మీద పడింది, పడినవారికి ఏం అండ దొరికింది అని అడగాలి.

రెండు: నేల, నిబంధన

నల్లరేగడికీ ఎర్రనేలకూ తేడా తెలుగు రైతుకు చెప్పక్కర్లేదు. పిచ్ తయారు చేసేవాళ్లకూ అది తెలుసు. సాధారణంగా ఎర్రమట్టి పిచ్ మీద బంతి ఎత్తుగా లేస్తుంది. నల్లమట్టి పిచ్ మీద మెల్లగా, కిందుగా వస్తుంది. అక్కడ బ్యాటర్ షాట్ కొట్టాలన్నా బంతి బ్యాట్ మీదికి రాదు. అలాంటి రోజున స్కోరుబోర్డు చూసి ఆటగాడిలో కసి లేదనడం అన్యాయం.

నేల లాంటిదే నిబంధన. 1950 నవంబర్ 22న అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఫోర్ట్ వేన్ జట్టు 19-18 తేడాతో మినియాపొలిస్ మీద గెలిచింది. ఎదుటి జట్టు బలమైనదని ఫోర్ట్ వేన్ ఆటగాళ్లు బంతిని చేతిలో పట్టుకుని కాలం గడిపారు. నిబంధనలు దానికి అడ్డు చెప్పలేదు. నాలుగేళ్ల తర్వాత సిరక్యూస్ జట్టు యజమాని డానీ బయాసోన్ ఒక లెక్క తీశారు. మంచి మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి 120 దాకా షాట్లు వేస్తాయి. 48 నిమిషాలంటే 2,880 సెకన్లు. భాగిస్తే 24. ఆ గడువులోగా షాట్ వేయాలన్న నియమం 1954లో వచ్చింది. ఒక్క సీజన్‌లో జట్టు సగటు స్కోరు 79 నుంచి 93కు పెరిగింది. ఆటగాళ్లు అదే మనుషులు.

1982 ప్రపంచకప్ ఫుట్‌బాల్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా జట్లు గిహోన్ నగరంలో ఆడిన మ్యాచ్ కూడా ఇలాంటిదే. పదో నిమిషంలో జర్మనీ గోల్ కొట్టింది. 1-0తో రెండు జట్లూ ముందుకు వెళ్తాయి, అల్జీరియా ఇంటికి వెళ్తుంది. అల్జీరియా మ్యాచ్ ముందు రోజే అయిపోయింది కాబట్టి ఆ లెక్క ఇద్దరికీ తెలుసు. మిగతా 80 నిమిషాలు బంతిని అటూ ఇటూ తోసుకున్నారు. ఆ తర్వాతి ప్రపంచకప్ నుంచి గ్రూపు చివరి మ్యాచ్‌లు ఒకే సమయానికి పెడుతున్నారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో తేలికైన ప్రత్యర్థి కోసం కావాలని ఓడబోయిన నాలుగు మహిళా బ్యాడ్మింటన్ జోడీలను బయటికి పంపారు. అక్కడా డ్రా పద్ధతిలోనే లోపం ఉంది, తర్వాత దాన్ని మార్చారు. కబడ్డీ కూడా ఇదే దారి పట్టింది. ప్రో కబడ్డీలో వరుసగా రెండు సార్లు కూతకు వెళ్లి ఖాళీగా వస్తే మూడోసారి పాయింటు తేవాలి, లేదా అవుట్ అవ్వాలి.

మన ఆర్థిక చరిత్రలో ఈ కోవలో అతి పెద్ద ఉదాహరణ ‘హిందూ వృద్ధి రేటు’. స్వాతంత్ర్యం వచ్చాక మూడు దశాబ్దాలు వృద్ధి ఏడాదికి సగటున 3.5 శాతం దగ్గర తచ్చాడింది. 1970ల చివర్లో ఢిల్లీ ఆర్థికవేత్త రాజ్ కృష్ణ దానికి ఆ పేరు పెట్టారు. పేరు జనంలోకి వెళ్లేసరికి నింద మనుషుల మీద, వారి నమ్మకాల మీద పడింది. అసలు కారణాలు వేరు. 1965 నుంచి రెండేళ్లు వరుస కరువులు, యుద్ధాలు, అన్నిటినీ మించి లైసెన్సు విధానం. అనుమతించిన పరిమాణాన్ని మించి తయారు చేస్తే తప్పు. స్కూటర్ కోసం, టెలిఫోన్ కోసం, గ్యాస్ కనెక్షన్ కోసం పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇళ్లు మన ఊళ్లలో లెక్కలేనన్ని. కొనేవాడున్నాడు, చేసేవాడున్నాడు, మధ్యలో నిబంధన అడ్డం. అంతకుముందు, బ్రిటిష్ పాలన చివరి అర్ధశతాబ్దంలో వృద్ధి ఏడాదికి 1 శాతం లోపే ఉండేదన్నదీ ఆ పేరు పెట్టి మాట్లాడేవాళ్లు తరచు మరిచే విషయం.

1980లలో కొన్ని కట్లు సడలాక వృద్ధి 5 శాతం దాటింది. 1991లో విదేశీ మారకం కొద్ది వారాల దిగుమతులకు మించి చాలని స్థితిలో ప్రధాని అయిన పి.వి.నరసింహారావు, ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ చాలా పరిశ్రమలకు లైసెన్సు అక్కర్లేకుండా చేశారు. అదే జనం, అదే దేశం. మెల్లదనం మనిషి స్వభావంలో లేదని బాస్కెట్‌బాల్ గడియారం ఎంత స్పష్టంగా చూపిందో ఈ మార్పూ అంతే స్పష్టంగా చూపింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. నిబంధన తీసేయగానే వేగం అందరికీ సమానంగా రాలేదు. సాగు మీద బతికే జిల్లాల్లో ఆ ఊపు తక్కువగానే కనిపించింది.

మూడు: ఒంట్లో అయిపోవడం

2017 ఆగస్టు 27, గ్లాస్గో. ప్రపంచ బ్యాడ్మింటన్ ఫైనల్‌లో పి.వి.సింధు, జపాన్ క్రీడాకారిణి నొజోమి ఒకుహార 110 నిమిషాలు ఆడారు. ఒక ర్యాలీ 73 షాట్ల దాకా సాగింది. 19-21, 22-20, 20-22. మూడో గేమ్‌లో ఇద్దరి అడుగులూ బరువెక్కాయి. ఆ దశలో తగ్గిన వేగాన్ని ఏ అభిమానీ తప్పుపట్టడు. కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ ఖర్చయిపోతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది. దానికి మందు తిండి, నీళ్లు, విశ్రాంతి. గట్టిగా అరవడం కాదు.

ఆర్థికంలో ఒంటి అలసట అంటే అప్పు. 1980లలో జపాన్‌లో స్థలాలు, షేర్ల ధరలు ఆకాశానికెక్కాయి. 1989 చివర్లో నిక్కీ సూచీ 38,915 తాకింది. బుడగ పగిలాక మళ్లీ ఆ స్థాయి చూడటానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. కంపెనీలు లాభాలు వస్తున్నా కొత్త పెట్టుబడి పెట్టకుండా పాత అప్పులు తీర్చుకోవడంలో మునిగాయని ఆర్థికవేత్త రిచర్డ్ కూ విశ్లేషించారు. 1999లో వడ్డీని సున్నాకు తెచ్చినా అప్పు అడిగేవాడు లేడు. ఆకలి లేనివాడి ముందు విస్తరి వేసినట్టయింది. అయితే జపాన్‌ను చచ్చుబడిన దేశంగా చూపడమూ సరికాదు. అక్కడ పనిచేసే వయసు జనాభా 1995 తర్వాత తగ్గుతూ వచ్చింది. ఆ వయసువారి తలసరి లెక్క తీస్తే వేగం మిగతా సంపన్న దేశాలకు తీసికట్టు కాదని పరిశోధకులు చూపించారు. నిరుద్యోగం 6 శాతం ఎప్పుడూ దాటలేదు. జట్టులో ఆటగాళ్లు తగ్గితే స్కోరు తగ్గడం సహజం.

మన దేశంలోనూ 2000లలో భారీ అప్పులతో విద్యుత్, రోడ్ల ప్రాజెక్టులు ఎత్తుకున్న కంపెనీలు, వాటిలో హైదరాబాద్‌వీ చాలానే, తర్వాతి దశాబ్దంలో చతికిలపడ్డాయి. 2018 మార్చి నాటికి బ్యాంకుల మొండి బకాయిలు మొత్తం రుణాల్లో 11 శాతం దాటాయి. కంపెనీ అప్పు తీర్చలేదు, బ్యాంకు కొత్త అప్పు ఇవ్వలేదు. 2016 నాటి దివాలా చట్టం, ప్రభుత్వ బ్యాంకుల్లో కొత్త మూలధనం, రద్దు చేసిన పాత బకాయిలు అన్నీ కలిసి 2024 నాటికి దాన్ని 3 శాతం లోపుకు తెచ్చాయి. ఇంత కాలం పట్టింది.

ఈ కథ తెలుగు నేలకు కొత్తది కాదు. 1929 తర్వాతి మహామాంద్యంలో ధాన్యం ధరలు దారుణంగా పడిపోయి కృష్ణా, గోదావరి డెల్టాల రైతులు అప్పుల్లో కూరుకుపోయారు. పంట చేతిలో ఉంది, కష్టానికి లోటు లేదు. ధర పోయింది, అప్పు మాత్రం పాత ధరల దగ్గరే నిలిచింది. ఎన్.జి.రంగా వంటి నాయకులు నడిపిన రైతు ఉద్యమాల కాలం అది. 1938లో మద్రాసు ప్రభుత్వం వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. అలసిన ఒంటి మీది బరువు దించితేనే కదలిక వస్తుందని ఆనాటి శాసనసభ గుర్తించింది.

నాలుగు: జంకు

అన్నిటికంటే పట్టుకోవడం కష్టమైనది ఇదే. 1975 నాటి గవాస్కర్ ఇన్నింగ్స్‌లో పిచ్ దోషం లేదు, ఇంగ్లండ్ దాని మీదే 334 కొట్టింది. ఒంట్లో లోపమూ లేదు. అరవై ఓవర్ల ఆట అప్పటికి మనకు కొత్త. లక్ష్యం అందదన్న భావన ముందే వచ్చేస్తే ప్రయత్నం చేతులదాకా రాదు.

అలసటలో కూడా కొంత భాగం మెదడు వేసే జాగ్రత్త లెక్కేనని దక్షిణాఫ్రికా శాస్త్రవేత్త టిమ్ నోక్స్ ప్రతిపాదించారు. ప్రమాదం రాకముందే మెదడు కండరాలకు పగ్గం వేస్తుందనీ, ఆఖరి మలుపులో గీత కనబడగానే అలసిన పరుగుగాడు మళ్లీ వేగం పెంచగలగడమే అందుకు గుర్తనీ ఆయన వాదన. దీన్ని ఒప్పుకోని శాస్త్రవేత్తలూ ఉన్నారు. కానీ చివరి కిలోమీటరులో వచ్చే ఆ ఊపును చూడనివారు లేరు.

ఆర్థికంలో దీనికి పేరు పెట్టినవాడు జాన్ మేనార్డ్ కీన్స్. 1936లో వచ్చిన తన గ్రంథంలో ఆయన పెట్టుబడి లెక్కల మీద మాత్రమే నడవదని, మనిషిలో సహజంగా ఉండే చొరవ మీద నడుస్తుందని రాశారు. ఆ చొరవ చల్లారినప్పుడు ప్రతి ఇల్లూ డబ్బు బిగబట్టుకుంటుంది. ఒక ఇంటికి అది వివేకమే. అన్ని ఇళ్లూ అదే పని చేస్తే దుకాణానికి బేరం ఉండదు, ఫ్యాక్టరీకి ఆర్డర్ ఉండదు, మళ్లీ ఆ ఇంటికే జీతం రాదు. 1929 నుంచి నాలుగేళ్లలో అమెరికా ఉత్పత్తి నాలుగో వంతుకు పైగా కుంగింది. పనిచేయగలిగినవారిలో నలుగురికి ఒకరు ఖాళీగా ఉన్నారు. యంత్రాలు ఉన్నాయి, చేతులు ఉన్నాయి. డబ్బు ఆడలేదు.

జంకుకు సరైన మందు ఏదన్నది ఇప్పటికీ తేలని వాదం. 2019 సెప్టెంబర్‌లో కేంద్రం కంపెనీల పన్ను మూల రేటును 30 నుంచి 22 శాతానికి తగ్గించింది. ఏటా రూ.1.45 లక్షల కోట్ల రాబడి వదులుకున్నట్టు అంచనా. లాభం మిగిలితే పెట్టుబడి పెడతారని ఒక వర్గం. కొనేవాడు కనబడనిదే ఎంత మిగిలినా కొత్త షెడ్డు వేయరు, ముందు జనం చేతిలో డబ్బు ఆడాలని మరో వర్గం. ఆరు నెలల్లో కోవిడ్ వచ్చి పడటంతో ఆ పరీక్ష మధ్యలోనే ఆగింది. 2020 మేలో ప్రకటించిన రూ.20 లక్షల కోట్ల ప్యాకేజీ మీదా ఇదే వాదం నడిచింది. దానిలో పెద్ద భాగం అప్పుల రూపంలో ఉంది. అప్పు అందుబాటులో ఉండటం, అప్పు చేసే ధైర్యం ఉండటం వేర్వేరు. నా మటుకు నాకు, గిరాకీ లేక ఆగినచోట కొనేవాడి జేబు నుంచే మొదలుపెట్టాలన్న వాదన బలంగా కనిపిస్తుంది. దేశంలో చాలామంది ఖర్చు పెట్టేది రోజు సంపాదన నుంచే.

తేలిందేమిటి

ఈ నాలుగు కారణాలూ విడివిడిగా రావు. నిబంధన బిగిస్తే జంకు పుడుతుంది, జంకు ముదిరితే అప్పు మొండిదవుతుంది, అప్పు మిగిలితే మళ్లీ జంకు. సిడ్నీలో విహారి ఇన్నింగ్స్‌లోనే కోరిక ఉంది, గాయమూ ఉంది. కాబట్టి ఒక్క పేరుతో తేల్చేయడం ఎప్పుడూ ప్రమాదమే. కానీ ఏది ముందు, ఏది వెనక అన్నది గుర్తిస్తే మందు మారుతుంది. కోరి తగ్గించిన వేగానికి ఓర్పు కావాలి, భారం మోసేవారికి అండ కావాలి. నేల, నిబంధన అడ్డమైతే వాటినే మార్చాలి. ఒళ్లు అలిసిపోతే అప్పు బరువు దించాలి, కోలుకునే గడువివ్వాలి. జంకితే ఎదురుగా గెలుపు గీత కనబడేలా చేయాలి.

మన భాష ఈ నాలుగింటికీ మాటలు ఎప్పుడో సిద్ధం చేసి పెట్టింది. ‘నిదానమే ప్రధానం’ అన్నదీ, ‘ఆలస్యం అమృతం విషం’ అన్నదీ ఒకే జాతి. రెండూ నిజమే, ఎక్కడ ఏది వర్తిస్తుందో చూసుకోవాలి. పత్రికల్లో శీర్షికలు పెట్టే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ‘మందకొడి’ అని రాసేముందు ఎవరు తగ్గించారు, నేల ఎలా ఉంది, ఒంట్లో ఏం మిగిలింది, దేనికి జంకుతున్నారు అని నాలుగు ప్రశ్నలు వేసుకోండి. జవాబు దొరికితే ఆ జవాబునే శీర్షికలో పెట్టండి. పాఠకులకూ అదే మాట. ఎవరైనా ఆటగాడు మెల్లగా ఆడాడన్నా, ఊళ్లో వ్యాపారం చచ్చిందన్నా, జనం సోమరులయ్యారన్నా వెంటనే తల ఊపకండి. ఎందుకని అడగండి. చేతిలో డబ్బు ఆడటం లేదని వ్యాపారి అన్నప్పుడు అతని తెలివినో కష్టాన్నో తూకం వేసేముందు, ఆ డబ్బు ఎక్కడ ఆగిందో వెతకడం మన పని.